చెప్పిందొకటి, రాసిందొకటి

(దుబ్బాకలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫిర్యాదులు, వాంగ్మూలాలు రాయించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. తప్పకుండా చెప్తాను. కానీ అంతకంటే ముందు మిమ్మల్ని చైనా, జపాన్, కొరియా దాకా తిప్పుకొస్తాను. బీడీలు చుట్టే ఊళ్ళో, మగ్గాలు ఆడే ఊళ్ళో చైనా అక్షరాల గొడవ మాకెందుకు అని మీకనిపించవచ్చు. మాకు ఎదురైన ఒక సంఘటన చెప్తే అంత దూరం ఎందుకు పోతున్నానో మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక తండా నుంచి ఒక లంబాడా స్త్రీ మా దగ్గరికి వచ్చింది. భూమి పంపకం విషయంలో భర్త అన్న ఆమెను జుట్టు పట్టి ఇంట్లోంచి బయటికి ఈడ్చి కొట్టాడు. ఫిర్యాదు ఇచ్చి అప్పటికే నెల దాటింది. ఏ చర్యా లేదు. "స్టేషన్ల ఏం చెప్పినవమ్మా" అని అడిగితే "అంతా చెప్పిన" అన్నది. ఆమెకు తెలుగు వచ్చు, అంగడికీ కూలి పనికీ సరిపోయేంత. దెబ్బలు తిని ఏడుస్తున్న మనిషికి ఆ తెలుగు చాలలేదు. లంబాడీలోనే చెప్పుకుంది. వెంట వచ్చిన అత్తింటి వైపు బంధువు దాన్ని తెలుగులో చెప్పాడు. అక్కడివాళ్ళు కాగితం మీద పెట్టారు. ఆమె నిశాని వేసింది.

మేం ఆ కాగితం నకలు సంపాదించి ఆమె ముందే చదివాం. "కుటుంబ కలహముల దృష్ట్యా ఇరువర్గముల మధ్య మాటామాటా పెరిగి తోపులాట జరిగినది" అని ఉంది. అదే తండా నుంచి వచ్చిన ఇంకొకామె దాన్ని లంబాడీలో చెప్పింది. ఈమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఇది ఎవరి కథ?"

ఆ రోజు సాయంత్రం మాలో మేం మాట్లాడుకుంటుంటే ఒక కార్యకర్త, "వాళ్ళ భాషకు లిపి లేదు కదక్కా, మనమేం చేస్తం" అన్నది. నేనూ అవునన్నట్టు తల ఊపాను. అట్లా తల ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

లిపితో పుట్టిన భాష ప్రపంచంలో ఒక్కటీ లేదు. తెలుగూ అట్లా పుట్టలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ. ఆ బ్రాహ్మీయే మారుతూ మారుతూ మన అక్షరాలయింది. నిండుగా తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో కడప జిల్లా కలమళ్ళది క్రీ.శ. 575 ప్రాంతానిది. అంటే వేరే భాషను మోసుకొచ్చిన అక్షరాలు నిండుగా తెలుగు మాట్లాడటానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది. మనకు దగ్గర్లోనే, కరీంనగర్ జిల్లా కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు జినవల్లభుడి శాసనం ఉంది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలున్నాయి. మూడింటికీ అక్షరాలు ఒక్కటే. రాతిబండకు ఏ ఇబ్బందీ కలగలేదు!

కాబట్టి "లిపి లేదు" అన్న మాట ఒట్టి సాకు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాళ్ళు చైనా చుట్టుపక్కల దేశాలవాళ్ళు. వాళ్ళకు చాలా కాలం దొరికిన లిపి ఒక్కటే. అది వాళ్ళ భాష కోసం పుట్టింది కాదు. పైగా తెలుగు అక్షరాల వంటిది కూడా కాదు. అది ఎట్లాంటిదో చెప్పడానికి మా ఇంటి గోడ సంగతి చెప్తాను.

మా అమ్మ బీడీలు చుట్టేది. అక్షరం ముక్క రాదు. టేకేదారు తన బుక్కులో రాసుకునేవాడు, అమ్మ గోడ మీద బొగ్గుతో గీసుకునేది. నూరు బీడీలకు ఒక నిలువు గీత. పనికిరావని తీసి పారేసిన వాటికి ఒక సున్న. ఆకు తక్కువ తూచి ఇచ్చిన రోజున ఒక ఆకు బొమ్మ. మా పక్కింట్లో ఒక ముస్లిం ఆమె ఉండేది, మేం ఖాలా అని పిలిచేవాళ్ళం. తనూ బీడీలే చుట్టేది. అమ్మ ఆ గోడను తెలుగులో చదివితే ఖాలా ఉర్దూలో చదివేది. గీతలు అవే, లెక్క అదే. నోటి మాట వేరు. 5 అనే అంకెను మనం ఐదు అంటాం, ఇంకొకరు పాంచ్ అంటారు, చూడండి, అట్లా.

చైనా లిపి ప్రధానంగా ఈ పద్ధతిలో నడుస్తుంది. ఒక గుర్తు ఒక మాటకు. గుర్తులో ధ్వనిని సూచించే ముక్క కూడా చాలాసార్లు ఉంటుంది గానీ, మన అ ఆ ల లాగా కూడబలుక్కునే వీలు లేదు. మామూలుగా చదువుకోవాలంటే రెండు మూడు వేల గుర్తులు నేర్వాలి. ఎండకు, వానకు పొలంలో ఉండే మనిషికీ, పొద్దంతా చాట ముందు కూర్చునే మనిషికీ అంత తీరిక ఎక్కడిది? అందుకే అది వేల ఏళ్ళు అధికారుల సొత్తుగా ఉండిపోయింది. ఆ అధికారులు మగవాళ్ళు. పరీక్షలు రాసి కొలువులు పొందింది మగవాళ్ళే.

మా అమ్మ గోడ ఒక చోట ఆగిపోయేది. కూలికి ఒక గుర్తు పెట్టుకుంది సరే. "పైసలు ఇచ్చిండు", "పైసలు ఇయ్యలే", "పైసలు ఇస్తనన్నడు", ఈ మూడింటికీ తేడా ఎట్లా గీయాలి? మాట మొదలు ఒక్కటే, తోక మారింది. కొట్లాట అంతా ఆ తోక దగ్గరే ఉంటుంది కదా! చైనా భాషలో మాటలకు ఇట్లాంటి తోకలుండవు. కొరియా, జపాన్ భాషలు ఈ ఒక్క విషయంలో మన తెలుగు లాంటివి. క్రియ వాక్యం చివర వస్తుంది, దానికి తోకలు అతుక్కుంటాయి. అరువు తెచ్చుకున్న లిపిలో తోకలకు చోటు లేదు.

మరి వాళ్ళేం చేశారు? ఒక ఉదాహరణతో చెప్తాను. మనకు బొమ్మలు తప్ప అక్షరాలు లేవనుకోండి. చేతికి చెయ్యి బొమ్మ వేస్తాం. "పని చెయ్యి" అనాలంటే? అదే చెయ్యి బొమ్మ వేసేయవచ్చు, పలుకుబడి ఒకటే కాబట్టి. కాలు బొమ్మ వేసి "కాలు" అంటే మండు అని చదివించవచ్చు. ఇక్కడ బొమ్మ అర్థాన్ని వదిలిపెట్టి ధ్వనికి గుర్తుగా మారింది. చైనా గుర్తులను జపాన్‌వాళ్ళు, కొరియావాళ్ళు, వియత్నాంవాళ్ళు ఈ రెండు రకాలుగానూ వాడారు. ఒక చోట అర్థం కోసం, ఒక చోట ధ్వని కోసం. ఎక్కడ ఏది వాడారో తెలుసుకోవడానికి చదివేవాడి ప్రాణం పోయేది.

ఎనిమిదో శతాబ్దం చివరికి జపాన్‌లో మన్యోషు అనే పెద్ద కవితా సంకలనం తయారైంది. నాలుగున్నర వేల దాకా పద్యాలు. దాన్ని చైనా గుర్తులతోనే, చాలా చోట్ల ధ్వని కోసమే వాడి రాశారు. ఆ గుర్తులను చేతి వేగం కొద్దీ గొలుసుకట్టుగా రాస్తూ పోతే, అరిగి అరిగి చిన్న చిన్న అక్షరాలు మిగిలాయి. వాటి పేరు హిరాగానా. చైనా లిపిలో స్త్రీ అనే గుర్తు అరిగి "మె" అనే అక్షరమైంది. బానిస అనే గుర్తు అరిగి "ను" అయింది. అర్థం రాలిపోయింది, ధ్వని మిగిలింది. బౌద్ధ సన్యాసులు గ్రంథాల పక్కన గుర్తుగా రాసుకోవడానికి చైనా గుర్తుల్లోంచి ముక్కలు విరిచి ఇంకొక వరస తయారు చేసుకున్నారు, అది కతకానా.

హిరాగానాకు ఆ రోజుల్లో ఒక పేరుండేది. "ఒన్నదే", అంటే ఆడచేయి. రాజకార్యాలు, శాస్త్రాలు, చట్టం చైనా గుర్తుల్లో. అది మగచేయి. ఉత్తరాలు, పాటలు, దినచర్యలు, కథలు ఆడచేతిలో. నిజానికి మగవాళ్ళు కూడా ప్రేమలేఖలకూ పద్యాలకూ దాన్నే వాడారు. 935 ప్రాంతంలో కీ నో త్సురాయుకి అనే ఉద్యోగి తన ప్రయాణం గురించి సొంత భాషలో రాసుకోవాలనుకున్నాడు. కానీ మగవాడు అట్లా రాయడం బాగుండదు కాబట్టి ఆడమనిషి రాసినట్టుగా రాశాడు! తల్లిభాషలో రాయడానికి మగవాడు చీర కట్టుకోవలసి వచ్చిందన్న మాట.

పదకొండో శతాబ్దం తొలి ఏళ్ళలో మురసాకి షికిబు అనే ఆమె ఈ ఆడచేతితోనే గెంజి కథ రాసింది. ప్రపంచ సాహిత్యంలోనే గొప్ప నవలల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. ఆమె రాసుకున్న దినచర్యలో ఒక సంగతి ఉంది, ఇక్కడున్న చాలామందికి అది తమ ఇంటి సంగతే అనిపిస్తుంది. తండ్రి కొడుకుకు చైనా చదువు చెప్తుంటే పక్కన కూర్చున్న ఈమెకు ముందే వచ్చేసేది. ఇది మగపిల్లాడై పుట్టకపోయెనే అని తండ్రి బాధపడేవాడట. పెద్దయ్యాక ఆ చదువు బయటపడితే నలుగురూ నవ్వుతారని, "ఒకటి" అనే గుర్తు, అంటే ఒక్క అడ్డగీత, అది కూడా రాయడం రానట్టు నటించిందట. మహారాణికి చైనా కవిత్వం చాటుగా చెప్పిందట. ఆడవాళ్ళకు తేలిక అక్షరాలు విడిచిపెట్టారంటే దయతో విడిచారని అనుకోకండి. బరువైన అక్షరాల గది తలుపు మూసే విడిచారు. ఆ అరుగు మీద కూర్చునే వాళ్ళు రాసిందే ఇవాళ మిగిలింది.

కొరియాకు వద్దాం. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అక్కడే ఉంది.

కొరియాలో గుమాస్తాలు "ఇదు" అనే ఒక పద్ధతి అల్లారు. చైనా గుర్తులను కొరియా వాక్యం వరసలో పెట్టి, తోకల కోసం కొన్ని గుర్తులను ప్రత్యేకించారు. భూమి కాగితాలు, అర్జీలు, నేరవిచారణలు అందులో రాసేవారు. అది చైనావాడికీ అర్థం కాదు, కొరియా రైతుకూ అర్థం కాదు, గుమాస్తాకు మాత్రమే అర్థమవుతుంది. మన పట్వారీ భాష గుర్తొచ్చిందా? నిజాం కాలంలో మన దగ్గర కాగితం ముందు ఫార్సీలో, 1880ల నుంచి ఉర్దూలో నడిచింది. ఇప్పుడు తెలుగులో ఉందంటారు. పహాణీ, ఫైసల్‌పట్టీ, సేత్వార్, ఈ మాటలు మనలో ఎంతమందికి అర్థమవుతాయి?

సేజోంగ్ అనే రాజు 1443లో 28 అక్షరాలతో కొత్త లిపి తయారు చేయించి 1446లో ప్రకటించాడు. ఇవాళ దాన్ని హంగుల్ అంటున్నారు. పలికేటప్పుడు నాలుక, పెదవి, గొంతు ఉండే తీరును బట్టి హల్లుల ఆకారాలు పెట్టారు. మా దేశం మాట చైనా మాట కంటే వేరు, సామాన్యులు చెప్పుకోవాలనుకున్నది రాతలో చెప్పుకోలేకపోతున్నారు, అందుకే ఇది చేశానని ముందుమాటలో చెప్పుకున్నాడు.

ఆస్థాన పండితులు ఊరుకోలేదు. 1444లో చోయ్ మల్లి అనే పెద్ద పండితుడు, పేరు మల్లి అయినా మగాయనే, రాజుకు ఒక నిరసన పత్రం సమర్పించాడు. నాగరికత వదిలి అనాగరికుల్లో కలుస్తామా అన్నది అందులో ఒక వాదన. అది మామూలే. ఇంకొకటి ఉంది, నన్ను కుదిపేసింది. నేర విచారణలో వాంగ్మూలం చైనా గుర్తుల్లో, ఇదులో రాస్తే, చదువు రాని మనిషి ఒక్క అక్షరం తేడాతో అన్యాయమైపోవచ్చు, అదే కొత్త అక్షరాల్లో ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపిస్తే తప్పు జరగదు, అని కొత్త లిపి పక్షాన ఒక వాదం ఉండేది. చోయ్ మల్లి దానికి జవాబు చెప్పాడు. చైనాలో నోటి మాట, రాత ఒకటే కదా, అక్కడ జైళ్ళలో అన్యాయాలు లేవా? మన దగ్గర ఇదు వచ్చిన ఖైదీ తన వాంగ్మూలం తప్పని చదివి తెలుసుకుని కూడా దెబ్బలకు తాళలేక ఒప్పుకోవడం లేదా? కాబట్టి న్యాయం లిపి వల్ల రాదు, విచారించే అధికారి మంచిచెడ్డల వల్ల వస్తుంది అన్నాడు.

దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందటి మాట! నేను ఈ వాదం చదివి రెండు రోజులు ఆలోచించాను. రాజు పక్షం నిజం. తండా ఆమె నిశాని వేసిన కాగితమే సాక్ష్యం. చోయ్ మల్లి చెప్పింది కూడా నిజం, మనందరికీ తెలిసిన నిజం. చదివి వినిపించినా, చుట్టూ నలుగురు మగవాళ్ళు నిలబడి ఉంటే ఎంతమంది "ఇది నేను చెప్పింది కాదు" అనగలరు? అయితే ఆయన అక్కడి నుంచి పోయిన దారి తప్పు. అధికారి చెడ్డవాడు కావచ్చు కాబట్టి అక్షరం ఎందుకు అన్నాడు. అధికారి చెడ్డవాడు కావచ్చు కాబట్టే అక్షరం కావాలి అని మనం అంటాం. తర్వాత ఎప్పుడో, వేరే చోట, "ఇది ఎవరి కథ?" అని అడగడానికైనా చేతిలో కాగితం ఉండాలి కదా.

కొత్త లిపిని పండితులు చిన్నచూపు చూశారు. "అమ్‌కుల్", అంటే ఆడ అక్షరాలు అని వెక్కిరించారు. 1504లో యోన్సన్ అనే రాజు, తనను విమర్శిస్తూ ఈ అక్షరాల్లో గోడపత్రాలు వెలిశాయని దాన్ని నిషేధించాడు కూడా. ఆడవాళ్ళు మాత్రం వదల్లేదు. రాణులు ఉత్తరాలు రాశారు, తల్లులు కూతుళ్ళకు రాశారు. కార్యాలయాల్లో చైనా గుర్తులే చెల్లుతాయని తెలిసి కూడా స్త్రీలు తమ అర్జీలు ఈ ఆడ అక్షరాల్లో పెట్టుకున్నారు. అధికారులు అభ్యంతరం చెప్పిన సందర్భాలు రాజ్యపు రికార్డుల్లో ఉన్నాయి. ప్రభుత్వ కాగితాలకు హంగుల్ చెల్లుతుందని ఒప్పుకున్నది 1894లో. నాలుగున్నర శతాబ్దాలు దాన్ని ఎక్కువగా బతికించినవాళ్ళు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

వియత్నాం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. వాళ్ళు చైనా గుర్తులను రెండేసి కలిపి కొత్త గుర్తులు చేసుకున్నారు. "బా" అంటే వాళ్ళ భాషలో మూడు. "బా" అని పలికే చైనా గుర్తును, మూడు అనే అర్థమున్న చైనా గుర్తును పక్కపక్కన పెట్టి ఒకే గుర్తుగా రాశారు. ఈ రాతను నోమ్ అంటారు. ఇందులో హో సువాన్ హువోంగ్ అనే కవయిత్రి, రెండు వందల ఏళ్ళ కిందట, ఒక మొగుణ్ణి ఇంకొకతెతో పంచుకునే బతుకు మీద, మగ పండితుల గొప్పల మీద పదునైన పద్యాలు చెప్పింది. అయితే నోమ్ చదవాలంటే ముందు చైనా గుర్తులు రావాలి. భాష సొంతమైంది గానీ తలుపు తెరుచుకోలేదు. తర్వాత క్రైస్తవ మిషనరీలు తెచ్చిన రోమన్ అక్షరాలు అక్కడ నిలబడ్డాయి. 1945 సెప్టెంబర్‌లో కొత్త ప్రభుత్వం సామాన్యులందరికీ చదువు అనే ఉద్యమం మొదలుపెట్టింది ఆ అక్షరాలతోనే. పరాయివాళ్ళు తెచ్చిన అక్షరాలే పరాయి పాలకుల మీద పోరాటానికి పనికొచ్చాయి. అక్షరానికి జన్మభూమి ఏదన్నది అంత ముఖ్యం కాదని నాకు అనిపించింది ఇక్కడే.

చైనా లోపలే ఇంకొక కథ ఉంది. హునాన్ రాష్ట్రంలో జియాంగ్‌యోంగ్ అనే ప్రాంతం. అక్కడి పల్లె ఆడవాళ్ళు చైనా గుర్తులను సాగదీసి, సన్నగా వాలుగా మార్చి, తమ ఊరి మాటలోని పలుకులకు వాడుకున్నారు. నూషు, అంటే స్త్రీల రాత. కొన్ని వందల గుర్తులతో పని జరిగిపోయేది. స్నేహితురాళ్ళు ఒట్టు పెట్టుకుని అక్కచెల్లెళ్ళయ్యేవారు. పెళ్ళయిన మూడో రోజున అత్తింట్లో ఉన్న కొత్త పెళ్ళికూతురికి పుట్టింటి స్త్రీలు ఈ రాతలో ఒక చిన్న పుస్తకం పంపేవారు. విసనకర్రల మీద, గుడ్డల మీద కూడా రాసేవారు, కుట్టేవారు. ఇది రహస్య లిపి అని చాలా చోట్ల రాస్తున్నారు. అంత రహస్యమేమీ కాదు. ఆడవాళ్ళ గీతల్లో ఏముంటుందిలే అని మగవాళ్ళు పట్టించుకోలేదు, అంతే. చిన్ననాటి నుంచి ఆ సంప్రదాయంలో నేర్చి రాసినవారిలో ఆఖరామె యాంగ్ హువాన్‌యి 2004లో చనిపోయింది.

కంప్యూటర్లలో, ఫోన్లలో ప్రతి అక్షరానికీ ఒక స్థానం కేటాయించే పట్టికను యూనికోడ్ అంటారు. 2017లో నూషుకు ఆ పట్టికలో చోటు దొరికింది. అదే ఏడాది, అదే జాబితాలో మన గోండీ భాషకు 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారాం తయారుచేసిన లిపికి కూడా దొరికింది. మరుసటి ఏడాది ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో రాతప్రతుల్లో బయటపడిన గోండీ లిపికి దొరికింది. అట్లా మన కథా వాళ్ళ కథా ఒక పేజీలో కలిశాయి.

ఇక మన ఇంటికి వచ్చాం. చైనా లిపి చుట్టూ ఉన్న భాషలకు ఏం జరిగిందో, తెలుగు లిపి చుట్టూ ఉన్న భాషలకూ అదే జరుగుతున్నది. ఇక్కడ పెద్ద లిపి మనది. ఈ మాట మనకు మింగుడుపడదు, తెలుగుకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడం అలవాటైపోయింది కాబట్టి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని తెలుగు అక్షరాల్లో సవర పుస్తకాలు చేశారు. 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. మనుషులు మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన మనిషే సవరలు మాట్లాడే సవర రాయడం కాకతాళీయం అనుకోను. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు ఉన్న మార్లవాయిలో గోండు పిల్లలకు దేవనాగరి అక్షరాల్లో గోండీ వాచకాలు చేశారు. 2004 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండీ, కోయ, కొలామీ, సవర, లంబాడీ వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తయారు చేయించింది. లంబాడీనే చూడండి. మహారాష్ట్రలో దేవనాగరి, కర్ణాటకలో కన్నడ, మన దగ్గర తెలుగు. ఒకే భాష మూడు బట్టలు కట్టుకుంది. సొంత లిపి కావాలనేవాళ్ళున్నారు, అది వాళ్ళ హక్కు, వాళ్ళే తేల్చుకోవాలి. అంతవరకూ ఫిర్యాదు ఆగనక్కర్లేదు.

ఇప్పుడు చట్టం. నోటితో చెప్పిన ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా రాస్తే, చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో నిశానో తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 154వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్. దర్యాప్తులో పోలీసులు తీసుకునే సాక్షి వాంగ్మూలం వేరు. పాత 161, కొత్త 180. దాని మీద సంతకం గానీ నిశాని గానీ తీసుకోకూడదు. ఎవరైనా వేయమంటే ఎందుకని అడగండి. కోర్టులో సాక్షి తనకు అర్థం కాని భాషలో తన సాక్ష్యం నమోదైతే, తను చెప్పిన భాషలో లేదా తనకు అర్థమయ్యే భాషలో దాన్ని వివరించాలని పాత 278వ సెక్షన్ చెప్పింది, కొత్త సంహితలోనూ ఆ నిబంధన ఉంది. ఎఫ్ఐఆర్ సెక్షన్‌లో "అర్థమయ్యే భాషలో" అన్న మాట విడిగా లేదు. కానీ అర్థం కాని భాషలో చదివితే అది చదివి వినిపించినట్టవుతుందా? ఈ ప్రశ్న మనం నోరు తెరిచి అడగాలి. అనువాదం చేసేది ఎవరో కూడా చూడాలి. కొట్టినవాడి బంధువు కాకూడదు, అంత మాత్రం మన చేతిలో ఉంది.

తండా ఆమె విషయంలో మేం తర్వాత ఏం చేశామో చెప్తాను. ఆమె కూతురు తొమ్మిదో తరగతి. తల్లి చెప్పింది చెప్పినట్టు లంబాడీలోనే, తెలుగు అక్షరాలతో రాయమన్నాం. పిల్ల ముందు నవ్వింది, "మా మాట రాస్తరా?" అని. తర్వాత కూర్చుంది. లంబాడీలో చాలా మాటలు హల్లు దగ్గరే ఆగిపోతాయి. తెలుగు రాత వాటి చివర "ఉ" తగిలించాలని చూస్తుంది. పిల్ల దాన్ని కొట్టేసి పొల్లు పెట్టింది. ముక్కుతో పలికే అచ్చు దగ్గర పెన్ను ఆగింది, నిండు సున్న పెడితే మాట మారిపోతుందట. మన తెలుగులో ఎప్పుడో వదిలేసిన అరసున్న ఒకటి ఉందని చూపించాను. అది సరిపోయింది. తెలుగుకు అక్కర్లేకుండా పోయిన అక్షరం ఆ పిల్లకు పనికొచ్చింది.

రాసింది పిల్ల చదువుతుంటే తల్లి రెండు చోట్ల ఆపింది. ఒక చోట, ముందు ఈడ్చిండు, తర్వాత కొట్టిండు, వరస మార్చొద్దు అన్నది. రెండో చోట, బావ అన్న మాట తిట్టు ఒకటి పిల్ల సిగ్గుపడి వదిలేసింది. అది కూడా పెట్టమన్నది. ఆ రెండు పేజీలకు తెలుగు అనువాదం జతచేసి పై అధికారికి ఇచ్చాం. మొదటి కాగితంలో "తోపులాట" తప్ప ఏమీ లేదని, ఇప్పుడు కొత్తగా కల్పిస్తున్నారని అవతలివాళ్ళు వాదించారు. నిజమే, నిశాని ఉన్నది ఆ మొదటి కాగితం మీదే. కేసు ఇంకా నడుస్తున్నది. ఆమె ప్రతి వాయిదాకు ఆ రెండు పేజీల నకలు కొంగున కట్టుకుని వస్తున్నది.

చివరగా మన సంగతి. నిన్న రాత్రి మీలో కొందరి సంఘం రిజిస్టర్లు చూశాను. "సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ప్రతి నెలా ఉంది. ఆ పేజీలోనే నిశానులు పదిహేను. మన ఇదు మనమూ రాస్తున్నాం అక్కలూ. ఎవరు ఏం తిట్టుకున్నారో, అప్పు కట్టలేనని ఎవరు ఏడ్చారో అందులో ఎక్కడా లేదు.

భోజనాలకు ఇంకా గంట ఉంది. మీ రిజిస్టర్లు తీయండి. ఇద్దరిద్దరుగా కూర్చుని, పోయిన నెల పేజీ ఒకరు గట్టిగా చదవండి. ఆ సమావేశంలో ఉన్నవాళ్ళు వినండి. నేను అనలేదు అనిపించిన చోట చెయ్యెత్తండి, ఆ మాట మీరెట్లా అన్నారో పక్కన అట్లాగే రాద్దాం. లంబాడీలోనైనా సరే, ఉర్దూలోనైనా సరే, మన దుబ్బాక తెలుగులోనైనా సరే.